వైజాగ్‌లో ఉండి పద్య నాటకాల్లో నటిగా బతకొచ్చా?

గోపాలపట్నం నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వయసు 23, బీకాం అయింది, కర్ణాటక సంగీతం వర్ణాల దాకా నేర్చుకుంది. ఒక నాటక సమాజం వాళ్ళు హరిశ్చంద్రలో చంద్రమతి వేషం ఇస్తామన్నారు, ఇంట్లో నాన్నకి ఇష్టం లేదు. దీన్ని కెరీర్‌గా పెట్టుకుంటే తిండి పెడుతుందా, గొంతు ఎన్నాళ్ళు నిలబడుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగింది.

నువ్వు నా కూతురి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు తల్లీ. నేను 1993లో మొదటిసారి మొహానికి రంగేసుకున్నా. అప్పటికి నాకు 21. చంద్రమతి, సత్యభామ, ద్రౌపది, దమయంతి, ఇంకా పరిషత్తు నాటకాల్లో, అంటే పోటీ నాటకాల్లో, తల్లులూ అత్తలూ చాలా వేశాను. ఉండేది మర్రిపాలెంలోనే కాబట్టి వైజాగ్ సంగతులు నాకు తెలిసినంతవరకూ దాచకుండా చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు ఒక మాట. నీ ప్రశ్న మొత్తంలో నువ్వు "పాడతాను" అని ఐదారుసార్లు రాశావు, "నటిస్తాను" అని ఒక్కసారి కూడా రాయలేదు. నేనూ అలాగే వచ్చాను, వర్ణాలూ కొన్ని కీర్తనలూ వచ్చు, గొంతు బాగుందని అందరూ అనేవాళ్ళు, ఇంకేం కావాలి అనుకున్నా. మొదటి రిహార్సల్లో నేను పద్యం ఎత్తుకుని రాగం తీసి ముగించాక మా హార్మోనియం మాస్టారు పెట్టె మూసేసి అడిగారు, "బాగా పాడినావమ్మా, ఇంతకీ ఏటి చెప్పినావు?" అని. నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే పద్యానికి అర్థం నాకే పూర్తిగా తెలీదు. ఆ ప్రశ్నే ఇప్పటికీ నాకు గురువు. పద్య నాటకంలో పద్యం అంటే నీ డైలాగ్, దాన్ని ఎదుటి పాత్రతో చెప్పాలి. కచేరీకి కూర్చున్నట్టు పాడితే జనం చప్పట్లు కొడతారేమో గానీ రెండో ఏడాది నిన్ను ఎవరూ పిలవరు, ఎందుకంటే గొంతున్న అమ్మాయిలు దొరుకుతారు, గొంతుతో పాటు మాట చెప్పే అమ్మాయిలు దొరకడమే కష్టం.

ఇదేం నేను కొత్తగా కనిపెట్టింది కాదు. పాతతరం నాటక రచయిత ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు బళ్ళారిలో సరస వినోదినీ సభ అనే నాటక సమాజం పెట్టి, నాటకంలో పాటలూ పద్యాలూ పాడించే పద్ధతికి ఊపు తెచ్చారు. ఆయన మేనల్లుడే పెద్ద నటుడు బళ్ళారి రాఘవ గారు, ఈ రాఘవ గారేమో ఏడవాల్సిన చోట రాగాలాపన ఏంటి అని ఆ పద్ధతినే ఎదిరించారు. ఒకే ఇంట్లో పుట్టిన గొడవ ఇది, ఇంకా తేలలేదు. ప్రతి రిహార్సల్లో ఎవరో ఒకరు మళ్ళీ మొదలుపెడతారు. నేను రాఘవ గారి వైపు మొగ్గుతాను, కానీ పూర్తిగా కాదు. పల్లెల్లో రాగం కోసమే వచ్చి రాత్రి రెండింటి దాకా కూర్చునే పెద్దవాళ్ళున్నారు, వాళ్ళని కాదనుకుంటే ఈ నాటకం ఎవరి కోసం?

ఇంకో సంగతి నీకు తెలిసే ఉంటుంది, ఆ రోజుల్లో ఆడ వేషాలు చాలావరకు మగవాళ్ళే వేసేవారు. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే ఒకే పల్లవిని మళ్ళీ మళ్ళీ పాడుతూ ప్రతిసారీ వేరే భావం చూపించేవారట, 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది ఆయనకి. నువ్వు సత్యభామ వేసేటప్పుడు ఇది గుర్తుంచుకో, ఎందుకంటే మన ఆడవాళ్ళ వేషాలకి దారి వేసింది కూడా మగ గొంతులే, ఆ నడకలూ ఆ వయ్యారాలూ మగవాళ్ళు ఆడవాళ్ళని చూసి కట్టినవి, అవన్నీ మనం మళ్ళీ అరువు తెచ్చుకోనక్కర్లేదు. మన ఉత్తరాంధ్ర ఊళ్ళలో ఆడే తూర్పు భాగవతంలోనూ అంతే, సత్యభామ వేషం మగవాళ్ళదే. సురభి నాటక సమాజం వాళ్ళు మాత్రం 1885లో మొదలైన దగ్గర్నుంచీ కుటుంబాలు కుటుంబాలుగా తిరిగారు కాబట్టి అక్కడ ఆడపిల్లలు చిన్నప్పటి నుంచే స్టేజి మీద పెరిగారు. మొదటి తెలుగు టాకీలో వేసిన సురభి కమలాబాయి గారు ఆ ఇంటి మనిషే. ఇక నీకు ఇస్తామన్న చంద్రమతి వేషం కన్నాంబ గారు 1935లో సినిమాలో వేశారు, ఆవిడా నాటకాల నుంచి వెళ్ళినావిడే. అప్పట్లో ప్లేబ్యాక్ లేదు, సొంతంగా పాడగలిగిన నటి కావాలి కాబట్టి నాటకం వాళ్ళకే పిలుపు. ప్లేబ్యాక్ వచ్చాక ఆ తలుపు మూసుకుపోయింది, నటించేవాళ్ళు వేరు పాడేవాళ్ళు వేరు అయిపోయారు. రెండూ ఒకే మనిషి, అదీ కళ్ళ ముందు, ఒకే ఊపిరితో చేసే చోటు ఇప్పుడు మనకి నాటకమే.

సరే, పనిలోకి వద్దాం. నీకున్న సంగీతం సరిపోతుందా అంటే గొంతుకి సరిపోతుంది, పద్యానికి చాలదు. వర్ణంలో తాళం నిన్ను మోస్తుంది, పద్యానికి తాళం లేదు, నడక ఛందస్సులో ఉంటుంది. ఉత్పలమాలకి పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం దగ్గర, చంపకమాలకి 21, యతి పదకొండో దగ్గర, శార్దూలానికి 19 అక్షరాలు, యతి పదమూడు, మత్తేభానికి 20, యతి పద్నాలుగు. ఇవి పరీక్షకి చదివినట్టు కాకుండా నాలుకకి తెలియాలి. కొత్తవాళ్ళందరూ చేసే తప్పు ఏంటంటే పాదం అయిపోయిన చోట ఆగి ఊపిరి తీసుకుంటారు. మన పద్యంలో మాట పాదం చివర ఆగదు కదా, "మహారాజుకు" అనే మాట "మహా" దగ్గర ఒక పాదం అయిపోయి "రాజుకు" కింద పాదంలో పడొచ్చు. నువ్వు అక్కడ ఆగి రాగం తీశావనుకో, మాట రెండు ముక్కలయి వినేవాడికి అర్థం పోయినట్టే. నేను ఇప్పటికీ కొత్త పద్యం ఇస్తే ముందు నాలుగు పాదాలనీ కలిపి వచనంలా రాసుకుంటా, అర్థం ఆగే చోట పెన్సిల్‌తో గీత పెడతా, ఆ గీత దగ్గర మాత్రమే ఊపిరి. తర్వాత వచనంలాగే పది సార్లు చెప్తా, కోపంగా, మెల్లగా, నవ్వుతూ. అప్పటికి గానీ రాగం జోలికి పోను. మోహన పెట్టాలా, ముఖారి పెట్టాలా అన్నది ఆ మాటే చెప్తుంది, నువ్వు ముందే మోహన అనుకుని కూర్చుంటే మాటని దాంట్లోకి కుక్కుతావు.

శ్రుతి గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను, ఇది చాలా ముఖ్యం. శ్రుతి అంటే నీ షడ్జమం, అంటే స, హార్మోనియం మీద ఏ మెట్టు దగ్గర పెట్టుకుంటావో అది, ఆ మెట్లకే ఒకటి, ఒకటిన్నర, రెండు అని లెక్క. ఆడవాళ్ళు మామూలుగా ఐదు, ఐదున్నర, ఆరులో పాడతాం. హీరో ఒకటిన్నర అనుకో, నీది ఐదున్నర అనుకో, అదృష్టం, ఎందుకంటే ఆయన పంచమం, అంటే ప, నీకు షడ్జమం అవుతుంది, ఆయన పద్యం ముగించగానే నువ్వు అందుకోవచ్చు, జనానికి అతుకు కనబడదు. అదే ఆయన శ్రుతి రెండు, నువ్వు ఐదున్నర దగ్గరే కూర్చున్నావనుకో, రెండింటికీ పొంతనే లేదు, ఆయన ముగించాక నీకు షడ్జమం దొరకదు, వెతుక్కుంటూ ఎత్తుకుంటావు, తప్పు నీదేనని జనం అనుకుంటారు. అప్పుడు నువ్వు ఐదుకి దిగాలి లేదా ఆరుకి ఎక్కాలి, ఐదైతే ఆయన మధ్యమం, అంటే మ, ఆరైతే ఆయన పంచమం. అందుకే అరశ్రుతి అటూ ఇటూ పాడగలిగేలా సాధన చెయ్యి. ఎవరైనా వేషానికి పిలిస్తే మొదట అడగాల్సింది రెమ్యునరేషన్ కాదు, "ఎదురు వేషం ఎవరు, ఆయన శ్రుతి ఎంత, హార్మోనియం ఎవరు" అని. ఈ మూడూ అడిగావంటేనే అవతలివాళ్ళకి నువ్వు పని తెలిసినదానివని అర్థమవుతుంది. హార్మోనిస్టుని మాత్రం ఎప్పుడూ గౌరవంగా చూసుకో. స్టేజి మీద నువ్వు పద్యం మర్చిపోతే ప్రాంప్టర్ కన్నా ముందు నిన్ను ఆదుకునేది ఆయనే, రెండు స్వరాలు ఎక్కువ వాయించి నీకు టైమ్ ఇస్తాడు.

ఇప్పుడు నీ చంద్రమతి. కాటిసీనులో చచ్చిపోయిన కొడుకుని ఎత్తుకుని వస్తావు. అక్కడ కొత్త అమ్మాయిలు నిజంగా ఏడుస్తూ పాడాలని చూస్తారు. ఏడుపొస్తే గొంతు బిగుసుకుంటుంది, బిగుసుకున్న గొంతులో పై స్థాయి పలకదు, బలవంతంగా పలికిస్తే మర్నాటికి గొంతు ఉండదు. నేను చేసేది ఏంటంటే ఏడుపంతా వచనంలో పెడతా, పద్యం మొదలయ్యే ముందు ఒక్క నిమిషం ఆగి బిడ్డ మొహం చూస్తా, పద్యం మాత్రం దాదాపు పొడిగా, నిలబెట్టి చెప్తా, చివరి పాదంలో ఒక్క చోట గొంతు వణకనిస్తా. నేను ఏడ్వకపోతేనే ముందు వరసల్లో ఆడవాళ్ళు ఏడుస్తారు, ఇది నేను ఎన్నో ఊళ్ళలో చూసిన సంగతి. ఇంకోటి, ఆ బిడ్డగా పడుకునే పిల్లాడి బరువు. రిహార్సల్లో తలగడ పెట్టుకుని చేసి, స్టేజి మీద తొమ్మిదేళ్ళ పిల్లాడిని ఎత్తుకుని పద్యం ఎత్తుకుంటే డొక్కలు పట్టేసి ఊపిరి చాలదు. కనీసం నాలుగు రిహార్సల్స్ ఆ పిల్లాడితోనే చెయ్యి.

గొంతు ఎన్నాళ్ళు నిలబడుతుంది అని అడిగావు. నా గొంతు ఒకసారి పోయింది, 2004లో. పద్యాల వల్ల కాదు, డైలాగుల్లో అరుపుల వల్ల. ఒకే సీజన్‌లో వరసగా రాత్రుళ్ళు నాటకాలు, మైకు సరిగ్గా లేని చోట అరవడం, నాటకం అయ్యాక తెల్లవారుజామున కారంగా తిని వెంటనే జీపులోనే పడుకోవడం. బొంగురు పోయింది, మిరియాల పాలు, కలకండ, అందరూ చెప్పినవన్నీ చేశాను, మూడు వారాలైనా తగ్గలేదు. డాక్టరు గొట్టం పెట్టి చూసి స్వరతంత్రుల మీద నాడ్యూల్స్ ఉన్నాయన్నారు, అంటే చేతికి కాయలు కాసినట్టు అక్కడ కాస్తాయి. ఆపరేషన్ లేకుండానే తగ్గింది కానీ రెండు నెలలు మాట తగ్గించి, స్పీచ్ థెరపీకి తిరిగి, మాట్లాడే పద్ధతే మార్చుకోవాల్సొచ్చింది. అప్పటి నుంచి నా నియమాలు చెప్తా. బొంగురు రెండు మూడు వారాలు దాటితే వంటింటి వైద్యం ఆపేసి ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళాలి, మనకి పెదవాల్తేరులో గవర్నమెంటు ఈఎన్‌టీ ఆసుపత్రే ఉంది. గుసగుసగా మాట్లాడితే గొంతుకి రెస్ట్ అనుకుంటారు, అది కూడా శ్రమే, మాట్లాడకుండా ఉండటమే రెస్ట్. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానెయ్యి, ఒక గుక్క నీళ్ళు తాగు. నాటకానికి మూడు గంటల ముందే తినెయ్యి, అయ్యాక కడుపు నిండా తిని పడుకోకు, కడుపులో ఆసిడ్ పైకొచ్చి గొంతుని కాలుస్తుంది. వైజాగ్ ఉక్కలో మేకప్, విగ్గు, జరీ బట్టలతో ఎంత చెమట పడుతుందో నీకు ఇంకా తెలీదు, నీళ్ళు తక్కువైతే గొంతు ముందే చెప్పేస్తుంది. చాలామంది ఆడపిల్లలు సరైన బాత్రూమ్ లేదని పొద్దుట్నుంచీ నీళ్ళు తాగడం మానేస్తారు. నేనూ చేశాను ఏళ్ళ తరబడి. అది గొంతుకీ ఒంటికీ రెండింటికీ దెబ్బే, అందుకే ఇప్పుడు ఒప్పుకునే ముందే బాత్రూమ్ ఉన్న ఇల్లు గ్రీన్‌రూమ్‌కి దగ్గర్లో చూపించమని అడుగుతాను, సిగ్గుపడను.

డబ్బు సంగతి. మొదటి నాటకానికి నాకు 200 రూపాయలిచ్చారు. ఇప్పుడు మంచి సీజన్లో ఒక రాత్రికి మూడు నాలుగు వేలు వస్తాయి నాకు, కొత్తలో నీకు అంత రాదు. కార్తీకం నుంచి శ్రీరామనవమి దాకా పండగలూ జాతర్లూ, సంక్రాంతి, శివరాత్రి, అనకాపల్లి నూకాలమ్మ జాతర రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, ఇవీ మన రోజులు. వానాకాలం ఖాళీ. అంటే ఏడాదిలో సగం నెలలు నీకు ఇంకో ఆదాయం కావాలి, ఇందులో దాచడానికేం లేదు. నేను పగలు స్కూల్లో తెలుగు చెప్పాను 18 ఏళ్ళు, రాత్రి నాటకం, పొద్దున్నే క్లాసు. అలా చేశాను కాబట్టే నచ్చని వేషానికి నో చెప్పగలిగాను. నీకు బీకాం ఉంది, ఎక్కడైనా అకౌంట్స్ పని చూసుకో, దాన్ని నాటకానికి శత్రువు అనుకోకు. ఒక్క నాటకం మీద, ఒక్క వేషం మీద కూడా ఆధారపడకు. 2022 జనవరిలో ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది, కానీ ఏళ్ళ తరబడి చింతామణి వేషం ఒక్కదానితోనే ఇల్లు నడుపుకున్న ఆడవాళ్ళు నాకు తెలుసు, ఒక్క రోజులో బుకింగులన్నీ పోయాయి. అంతకు ముందు కరోనాలో అందరికీ పోయాయి. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది పిల్లలకి ఆన్‌లైన్‌లో పద్యాలు నేర్పడం. అమెరికాలో ఉన్న మనవాళ్ళ పిల్లలు శతక పద్యాలు నేర్చుకుంటారు, ఇప్పటికీ వారానికి మూడు రోజులు చెప్తున్నా.

కాంట్రాక్టు నాటకాలకి వెళ్ళేటప్పుడు అన్నీ వాట్సాప్‌లో రాయించుకో. తేదీ, ఊరు, వేషం, ఎంత, సగం అడ్వాన్స్ ముందే ఫోన్‌పేలో, బండి ఎవరిది, తిరిగి ఇంటి గుమ్మం దాకా దింపుతారా లేదా. నర్సీపట్నం అవతల ఒక ఊళ్ళో ఒక కాంట్రాక్టరు నాటకం అవ్వగానే సగం డబ్బు ఎగ్గొట్టి, నన్నూ ఇంకో అమ్మాయినీ తెల్లవారుజామున మూడింటికి హైవే జంక్షన్‌లో దింపేసి పోయాడు. టీ కొట్టు పెద్దాయన కూర్చోబెట్టి మొదటి బస్సు ఎక్కించాడు. ఆ రోజు నుంచి రాత కాగితం లేకుండా ఎక్కడికీ కదల్లేదు. అలాగే జనం వన్స్‌మోర్ అని నోట్లు చదివిస్తారు చూడు, మైకులో పేరు చెప్పి ఇస్తారు, అది ఆర్టిస్టుకా సమాజానికా అన్నది కూడా ముందే మాట్లాడుకో. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. వన్స్‌మోర్ అడిగిన ప్రతిసారీ పాడాలనీ లేదు, కాటిసీను మధ్యలో ఎంత అరిచినా నేను పాడను, నమస్కారం పెట్టి సీన్ ముందుకి తీసుకుపోతాను. తర్వాత వచ్చి ఎవరూ కోప్పడలేదు.

ఎక్కడ నేర్చుకోవాలి అంటే మన పక్కనే ఉంది, మనకే కనబడదు. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, ఘంటసాల గారూ సుశీల గారూ చదువుకున్న చోటు. సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులుంటాయి, వైజాగ్ నుంచి రైల్లో రోజూ వెళ్ళి వచ్చేవాళ్ళున్నారు. ఇంకా లోతుగా నటన చదవాలనుంటే ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ ఉంది. చూడటం కూడా చదువే, కళాభారతిలో, పౌర గ్రంథాలయంలో, గురజాడ కళాక్షేత్రంలో నాటకం పడిందంటే వెళ్ళి ముందు వరసలో కాకుండా చివరి వరసలో కూర్చో, అక్కడికి మాట ఎవరిది చేరుతుందో ఎవరిది చేరట్లేదో రాసుకో. పీసపాటి నరసింహమూర్తి గారు మన ఉత్తరాంధ్ర మనిషే, కృష్ణుడి వేషానికి పెట్టింది పేరు, అలాంటి పాతవాళ్ళ రికార్డింగులు దొరికితే కళ్ళు మూసుకుని విను, పద్యం తర్వాత పద్యం వినకుండా ఒకే పద్యం వారం రోజులు విను.

విశాఖ రేడియో స్టేషన్ 1963 నుంచీ ఉంది, డ్రామా ఆడిషన్ పడినప్పుడు తప్పకుండా దరఖాస్తు పెట్టు. రేడియోలో మొహం లేదు, చెయ్యి లేదు, గొంతొక్కటే, అక్కడ మాట పలకడం వచ్చిందంటే స్టేజి మీద నీకు ఎదురుండదు. ఆడిషన్‌లో రేడియో వాళ్ళు ఆర్టిస్టులకి ఇచ్చే బి గ్రేడ్ నాకు రెండోసారికి గానీ రాలేదు, మొదటిసారి పాటలా చదివానని తీసేశారు. కేంద్ర ప్రభుత్వం యువ కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది, 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకి, రెండేళ్ళ పాటు నెలకి 5,000, నాటకం కూడా అందులో ఉంది. నీకు 23 కాబట్టి నోటిఫికేషన్ చూసి ఈ ఏడాదే పెట్టు, వాయిదా వెయ్యకు. పరిషత్తు నాటకాలు, నంది నాటకోత్సవాలు పేరు తెస్తాయి, డబ్బు తేవు. కానీ అక్కడ చూసినవాళ్ళే తర్వాత ఫోన్ చేస్తారు, అందుకే మొదటి మూడేళ్ళు వాటిని వదలకు.

ఇక మీ నాన్నగారు. ఆయన భయం నాకు తెలుసు, మా నాన్నదీ అదే. రాత్రుళ్ళు తిరగడం, పెళ్ళి సంబంధాలు, నలుగురూ ఏమంటారు. ఆయనతో వాదించకు, వాదిస్తే ఇద్దరూ మొండికేస్తారు. మా నాన్న ఒక రాత్రి నాకు చెప్పకుండా వచ్చి వెనకాల నిలబడి చూశారు, ఇంటికొచ్చాక ఒక్క మాట అనలేదు, మర్నాడు మాత్రం నా పద్యాల నోటుబుక్కుకి అట్ట వేసి పెట్టారు. అందరి నాన్నలూ అలా మారతారని నేను చెప్పలేను. కానీ రిహార్సల్‌కి మీ నాన్నని నీతో తీసుకెళ్ళు, హార్మోనియం పక్కనే కూర్చోబెట్టు, నువ్వు చేసే పని ఎంత కష్టమో ఆయన కళ్ళతో ఆయన్ని చూడనీ. ఆ సమాజం వాళ్ళు తండ్రి వస్తానంటే అడ్డు చెప్పారనుకో, ఆ వేషం వద్దని చెప్పెయ్, ఇంకెక్కడైనా దొరుకుతుంది.

చంద్రమతి పద్యాల్లో నీకు ఏవి ఇచ్చారో చూసుకుని, ఒక్కటి, ఒక్కటే, వచనంగా రాసి గీతలు పెట్టుకో. హరిశ్చంద్రుడు వేసే ఆయన శ్రుతి కనుక్కో. రెండూ అయ్యాక నీకు ఎక్కడ ఊపిరి చాలట్లేదో రాయి, మత్తేభాల్లోనే ఇబ్బంది పడతావని నా అంచనా, అక్కడి నుంచి చూద్దాం.